గున్నయ్య తరగతి యుద్ధనౌక

యుద్ధానికి వెళ్లిన ఓడలో మనుషులు దేనికి భయపడతారని అడిగితే ఒడ్డున కూర్చున్నవాళ్లు టార్పిడో అంటారు, తుఫాను అంటారు. 'జలకిరీటి' మీదున్న రెండు వందల నలభై మందీ భయపడింది మాత్రం ప్రధాన కార్యాలయం నుంచి వచ్చే వైర్‌లెస్ సందేశాలకి. టార్పిడో వస్తే ఓడని పక్కకి తిప్పి తప్పించుకోవచ్చు. సందేశం వస్తే అందినట్టు సంతకం పెట్టాలి.

ఏ దేశపు ఓడ, ఎవరి యుద్ధం అని అడక్కండి, చెప్పను. ఎక్కడో దూరాన ఎవరో ఇద్దరు కొట్టుకుంటున్నారు. వాళ్ల మధ్య నుంచి పోయే నూనె ఓడలకి తోడు వెళ్లి, అవతలి దాకా దిగబెట్టి రావడం జలకిరీటి పని. ఆరు వారాల్లో వచ్చేస్తారని చెప్పి పంపారు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది.

ఆ ఓడలో రొట్టెలు కాల్చేవాడు మైలపల్లి గున్నయ్య. నెమ్మదైన మనిషి, ఎవరి జోలికీ పోడు. అతనికున్న దిగులు ఒక్కటే. ఇంటి దగ్గర భార్య అసిరమ్మకి ఎనిమిదో నెల. రెండేళ్ల కిందట తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పుడూ అతను సముద్రం మీదే ఉన్నాడు. కబురు పదకొండో రోజుకి అందింది. ఆ పదకొండు రోజులూ తను పాటలు పాడుకుంటూ రొట్టెలు చేశానన్న సంగతి తెలిశాక అతను మళ్లీ పొయ్యి దగ్గర పాట ఎత్తలేదు. ఈసారి పక్కనుంటానని అసిరమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టి మరీ చెప్పి వచ్చాడు. సెలవు మంజూరైంది కూడా. వచ్చే నెల పద్నాలుగున సామాన్లు తెచ్చే ఓడ వస్తుంది, దాన్నెక్కితే పన్నెండు రోజుల్లో సొంత రేవు. అది తప్పితే ఇంకో నలభై రోజుల దాకా మరో ఓడ లేదు.

ఇలా ఉండగా ఓడలో ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రం సగం పడకేసింది. కొత్త భాగం పంపమని రాస్తే, పాత భాగం పాడైందనడానికి రుజువుగా పాత భాగాన్ని పంపమన్నారు. అది ఊడదీస్తే మిగతా సగం కూడా ఆగిపోతుందని తిరిగి రాశారు. అప్పుడు ప్రధాన కార్యాలయం తీరిగ్గా ఆలోచించి ఒక సందేశం పంపింది.

"నీటి సమర్థ వినియోగం దృష్ట్యా, నౌకలోని సిబ్బంది యావన్మందీ ముఖక్షవరాన్ని తక్షణమే నిలుపుదల చేయవలెను."

కుర్రాళ్లు కేరింతలు కొట్టారు. కానీ వాళ్లు ఉపనాయకుడు భుజంగాన్ని మరిచిపోయారు. భుజంగం ఓడలో కెప్టెన్ తర్వాతివాడు, నిబంధనల పుస్తకానికి మొదటివాడు. నౌకాదళంలో గడ్డం ముందు ముఖం మీద మొలవదు, కాగితం మీద మొలుస్తుంది. ముందు దరఖాస్తు పెట్టాలి, తర్వాత అనుమతి, ఆ తర్వాతే వెంట్రుకలు. ఇరవై ఒకటో రోజున పైఅధికారి పరీక్షించి, గడ్డం నిండుగా ఉందంటేనే ఉంచుకోవాలి. లేదంటే ఆ పూటే గీసేయాలి. ఇది తాతల నాటి నిబంధన.

"గీయరాదని ఆదేశం వచ్చింది నిజమే," అన్నాడు భుజంగం అందర్నీ డెక్కు మీద నిలబెట్టి. "కానీ గీయకుండా ఉండుటకు అనుమతి రాలేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు."

రెండు వందల నలభై దరఖాస్తులు వచ్చాయి. 'గడ్డం పెంచుటకు కారణం' అన్న చోట అందరూ 'మీ ఆదేశం' అని రాశారు. ఆదేశం అనేది కారణం కాదని భుజంగం అన్నీ తిప్పి కొట్టాడు. రెండోసారి అందరూ 'స్వచ్ఛందంగా' అని రాశారు. కెప్టెన్ వేదాచలం కూడా తన దరఖాస్తు తనకే పెట్టుకుని, రెండు రోజులు పరిశీలనలో ఉంచి, మంజూరు చేసుకున్నాడు.

ఇరవై ఒకటో రోజున పరీక్ష. భుజంగం ఒక చేత్తో స్కేలు, ఇంకో చేత్తో రిజిస్టరు పట్టుకుని వరస వెంట నడిచాడు. మనుషులు నల్లగా, గుబురుగా, ఒకరినొకరు గుర్తుపట్టలేనంతగా తయారయ్యారు. రెండు వందల ముప్పై తొమ్మిది మంది పాసయ్యారు. చివర్న గున్నయ్య దగ్గర భుజంగం ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"గడ్డం సర్."

"ఎక్కడ?"

గున్నయ్య వేలు పెట్టి చూపించాడు. మొత్తం ఐదు వెంట్రుకలు. అతని వంశంలో మగాళ్లెవరికీ గడ్డం లేదు. తాత అయితే ఎనభై ఏళ్లకి నున్నటి ముఖంతోనే పోయాడు.

"సర్, ఈటికి ఈటికి మధ్య దూరముంది గానీ, ఉన్నాయి సర్," అన్నాడు గున్నయ్య.

పక్కనున్న పరశురామ్ ఉండబట్టలేకపోయాడు. అతను ఓడలో కాపలావాడు, గున్నయ్యకి ప్రాణస్నేహితుడు. "ఆ వెంట్రుకలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవాలంటే సిగ్నల్ జెండాలు ఊపుకోవాలి సర్," అనేశాడు. డెక్కు డెక్కంతా గొల్లుమంది.

భుజంగం నవ్వలేదు. రిజిస్టరులో 'అసంపూర్ణం' అని రాశాడు. ఫెయిలైన గడ్డం వెంటనే గీయాలి. గీయడానికి నీళ్లు వాడకూడదు. రెండు రోజులు సందేశాలు అటూ ఇటూ నడిచాక, గున్నయ్య ఐదు వెంట్రుకల నిమిత్తం రోజుకి ఒక మగ్గు మంచినీళ్లు ప్రత్యేకంగా మంజూరయ్యాయి. ప్రతి ఉదయం ఇద్దరు తుపాకీలు పట్టుకుని ఆ మగ్గుని వంటగదికి తెచ్చేవారు. కెప్టెన్ కూడా ఉప్పునీళ్లతో మొహం కడుక్కుంటున్న రోజులవి. గున్నయ్య సిగ్గుతో చచ్చిపోయేవాడు.

మరో నాలుగు రోజులకి ఇంకో సందేశం దిగింది.

"శత్రు గూఢచారులు గడ్డములతో మారువేషము ధరించు అవకాశము కలదు. కావున గుర్తింపు కార్డులోని ఫోటోతో ముఖము సరిపోలని ఏ వ్యక్తినీ నౌకలోని కీలక ప్రదేశములలోనికి అనుమతించరాదు. హోదాతో నిమిత్తము లేదు."

నడిసముద్రంలో గూఢచారి ఓడలోకి ఎలా ఎక్కుతాడని ఎవరో అడిగారు. అది వేరే శాఖ చూసుకుంటుందని భుజంగం చెప్పాడు. పరశురామ్‌ని తీసుకెళ్లి బ్రిడ్జి తలుపు దగ్గర కాపలా పెట్టాడు. బ్రిడ్జి అంటే ఓడని నడిపే గది, చక్రం, దిక్సూచి, సిగ్నల్ దీపం మీట అన్నీ అందులోనే ఉంటాయి.

మొదట వచ్చింది కెప్టెన్ వేదాచలం. పరశురామ్ కార్డు తీసుకున్నాడు. అందులో చింతపండుతో తోమిన చెంబులాగా మెరిసే నున్నటి ముఖం ఉంది. ఎదురుగా గుబురు గడ్డం ఉంది.

"క్షమించాలి సర్. ఈ ఫోటోలో ఉన్నాయన మీరు కాదు."

కెప్టెన్ ఒక్క క్షణం ఎర్రబడి, వెంటనే పొంగిపోయాడు. "శభాష్! కాపలా అంటే ఇదీ!" అని పరశురామ్ భుజం తట్టి, ఆ తలుపు బయటే నిలబడ్డాడు. తర్వాత భుజంగం వచ్చాడు, అతనూ నిలబడ్డాడు. పరశురామ్‌కి ఎందుకో అనుమానమొచ్చి తన కార్డు తనే తీసి చూసుకున్నాడు. సరిపోలేదు. తుపాకీ గోడకి ఆనించి, తనని తనే ఆపుకుని, కెప్టెన్ పక్కన వరసలో నిలబడ్డాడు.

లోపలున్నవాళ్లు ఒక్కొక్కరే ఏదో ఒక అవసరానికి బయటికొచ్చి, ఇక తిరిగి వెళ్లలేకపోయారు. ఇంజన్ గదిలోవాళ్లు తెలివైనవాళ్లు, లోపల్నుంచి గడియ వేసుకున్నారు. మధ్యాహ్నానికి బ్రిడ్జిలో ఒక్క మనిషి లేడు. ఓడ తన ఇష్టానికి పోతోంది.

"ఈ నౌకలో కార్డుకు సరిపోలే ముఖము ఒక్కటైనా కలదా?" అని కేకేశాడు కెప్టెన్.

అందరూ వంటగది వైపు చూశారు.

చేతులకంటిన పిండి దులుపుకోనైనా దులుపుకోనివ్వకుండా గున్నయ్యని లోపలికి తోశారు. చిన్నప్పుడు తండ్రితో పడవ మీద వేటకి వెళ్లినవాడు కాబట్టి చక్రం పట్టుకుంటే ఓడ మాట వింది. కెప్టెన్ తలుపు బయట నుంచి, మాట లోపలికి చేరవేసే ఇత్తడి గొట్టంలో అరిచేవాడు, "ఎడమకి పది డిగ్రీలు!" లోపల్నుంచి గున్నయ్య అనేవాడు, "తిప్పీసినాను సర్! ఎవులైనా ఎల్లి పొయ్యి సూడండి సర్, రొట్టెలు మాడిపోతాయి!"

మూడో రోజు పొద్దున్నే, యుద్ధం చేస్తున్న ఇద్దరిలో ఒకరి తుపాకుల పడవ ఒకటి జోరుగా ఎదురొచ్చింది. దాని మీద నుంచి దీపం మిణుకుమిణుకుమంది. మీరెవరు అని అడుగుతోందని సిగ్నల్ చూసేవాడు గొట్టంలో చెప్పాడు.

"మన పేరు చెప్పెయ్యండి!" అన్నాడు కెప్టెన్.

"వీలుకాదు సర్," అన్నాడు భుజంగం, పుస్తకం తిరగేస్తూ. "నౌక పేరు వెల్లడించే అధికారం గుర్తింపు రుజువైన అధికారికే కలదు. లోపలున్నది వంట విభాగం. అతను తన పేరు మాత్రమే చెప్పవచ్చును."

సిగ్నల్ చూసేవాడు బయట నుంచి ఒక్కో అక్షరానికి దీపం ఎలా మెరవాలో "పొడుగు! పొట్టి! పొడుగు!" అని అరుస్తుంటే, గున్నయ్య లోపల దీపం మీట నొక్కాడు. ఎదుటి పడవకి అందిన జవాబు: గున్నయ్య.

ఆ పడవ ఆగిపోయింది. లోకంలోని యుద్ధనౌకల పట్టిక తెచ్చి వాళ్లు గున్నయ్య కోసం వెతికినట్టుంది. అరగంట గడిచింది. మళ్లీ దీపం వెలిగింది. మీ దగ్గరేమున్నాయి?

గున్నయ్య అబద్ధమాడే మనిషి కాదు. తనకి తెలిసిందే చెప్పాడు. పొయ్యి వేడెక్కింది. నాలుగు వందలు సిద్ధం. ఇంకో ఇరవై నిమిషాల్లో బయటికి తీస్తాం.

తుపాకుల పడవ వచ్చిన దారినే తిరిగి, వచ్చినదానికి రెట్టింపు జోరుగా పారిపోయింది. ఆ దేశం వాళ్ల రహస్య పట్టికలో 'గున్నయ్య తరగతి యుద్ధనౌక, అతి ప్రమాదకరం' అని ఒక పేజీ చేరినట్టు ఆ తర్వాత తెలిసింది. ఓడలో మాత్రం ఆ రోజు అందరూ గున్నయ్యని భుజాల మీద ఎత్తుకుని ఊరేగిద్దామనుకున్నారు. కానీ అతను బ్రిడ్జిలో ఉన్నాడు, వాళ్లు లోపలికి వెళ్లకూడదు. అందుకని బయటే డాన్సు చేశారు.

ప్రధాన కార్యాలయం ఉబ్బితబ్బిబ్బై అభినందన సందేశం పంపింది. దాని ఆఖరి వాక్యం ఇది: "సదరు గున్నయ్య నౌకకు అనివార్యుడైనందున అతని సెలవు రద్దు చేయడమైనది."

పద్నాలుగో తారీఖుకి ఇంకా ఆరు రోజులుంది. గున్నయ్య తలుపు సందులోంచి కెప్టెన్‌ని పిలిచాడు.

"సర్, మా ఆడదానికి నెలలు నిండొచ్చినాయి సర్. పోయినపాలి బిడ్డ పోతే నాకు కబురు పదకొండో రోజుకొచ్చినాది. ఈపాలి పక్కనుంటానని దాని నెత్తిమీద సెయ్యెట్టి సెప్పినాను. నన్నొగ్గీయండి సర్."

వేదాచలం చెడ్డవాడు కాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ బాధ నాకు అర్థమైంది గున్నయ్యా. సంతకం పెట్టి పంపెయ్యాలనే ఉంది. కానీ నేను వేదాచలాన్నని రుజువేదీ?"

"పోనీ, గుర్తింపున్నది నాకొక్కడికే గదా సర్. నా సెలవు మీద నానే సంతకం పెట్టేసుకుంటాను."

"ఎవరి సెలవు వారే మంజూరు చేసుకొనరాదు," అన్నాడు భుజంగం.

"కెప్టెన్‌గారు గడ్డం మంజూరు చేసుకున్నారు గదా సర్?"

"గడ్డము వేరు, సెలవు వేరు."

ఇక గున్నయ్యకి దారి ఒక్కటే కనిపించింది. గడ్డం పెంచాలి. గడ్డం మొలిస్తే తనూ అందరిలాగా ఎవరో తెలియని మనిషైపోతాడు, అప్పుడు ఓడకి తనతో పని ఉండదు. ఉల్లిపాయ రసం రాశాడు. కొబ్బరినూనెలో మిరియాలు నూరి రాశాడు, గడ్డం మండిందే గానీ మొలవలేదు. మొలిచిన ఆ ఐదింటినీ కూడా రోజూ పొద్దున్నే తుపాకులతో వచ్చిన మగ్గు నున్నగా గీయించి పోయేది. చివరికి పొయ్యి మసి పూసుకున్నాడు. చక్రం తిప్పుతుంటే చెమటకి అది చొక్కా మీదికి కారింది. ఆ రోజు అతను చక్రం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తలుపు బయట పరశురామ్ కూడా ఏడ్చాడు.

పద్నాలుగో తారీఖు వచ్చింది. సామాన్ల ఓడా వచ్చింది. రెండు ఓడలూ పక్కపక్కనే నడుస్తుంటే మధ్య తాళ్లు కట్టారు, మూటలు ఆ తాళ్ల మీద ఇటు జారాయి. అన్నింటికన్నా ముందు వచ్చింది ప్రధాన కార్యాలయం సీలు వేసిన పెట్టె, దారిలోని రేవు దాకా విమానంలో వచ్చి ఓడెక్కింది.

జలకిరీటిలో రెండు వందల ముప్పై తొమ్మిది మంది ఎవరో తెలియకుండా ఉండటం కార్యాలయానికి నచ్చలేదు. గడ్డాలు గీయించే మార్గం లేదు కాబట్టి ఫోటోలనే సవరించారు. చిత్రకళా విభాగం వారు కష్టపడి ప్రతి ఫోటో మీదా నల్లసిరాతో ఒకే నమూనా గడ్డం గీసి, కొత్త కార్డులు తయారుచేశారు. సమానత్వం కోసం మొత్తం రెండు వందల నలభైకీ గీశారు. పాత కార్డులు సముద్రంలో పారేయాలని ఆదేశం.

ఓడంతా పండగైంది. కెప్టెన్ ముందు నడిచి బ్రిడ్జి తలుపు దగ్గర కొత్త కార్డు చూపించాడు. సరిపోయింది. భుజంగం సరిపోయాడు. పరశురామ్ కూడా తనకి తను సరిపోయి తుపాకీ అందుకున్నాడు. అందరూ బిలబిలమంటూ లోపలికొచ్చారు. చక్రం దగ్గర నున్నటి ముఖంతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

భుజంగం గున్నయ్య కొత్త కార్డు తీశాడు. అందులో గుబురు గడ్డమున్న మహర్షి ఒకాయన ఉన్నాడు. కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"కెప్టెన్! బ్రిడ్జిలో గుర్తు తెలియని వ్యక్తి!"

"నాను సర్, గున్న..." అని నోరు తెరిచాడు గున్నయ్య. పరశురామ్ బూటుతో అతని కాలిని నలిపేశాడు. "అబ్బా!" అని మాట మధ్యలో ఆగిపోయింది.

"యుద్ధకాలంలో నౌకపై కనుగొనబడిన గుర్తు తెలియని వ్యక్తిని," అని భుజంగం పుస్తకంలోంచి గబగబా చదివాడు, "తక్షణమే, మొదట లభ్యమగు ఓడలో, వెలుపలికి పంపవలెను. ఆలస్యము నేరము."

అందరూ కెప్టెన్ వైపు తిరిగారు. ఏడు నెలలుగా రోజూ గున్నయ్య చేతి రొట్టె తిన్న మనిషి వేదాచలం. అతను గడ్డం నిమురుకుంటూ గున్నయ్యని ఎగాదిగా చూశాడు.

"ఇతనెవరో నేనెరగను," అన్నాడు. "తొందరగా పంపండి, తాళ్లు విప్పేస్తున్నారు. ఒరేయ్, జాగ్రత్తగా కట్టండి, పడిపోతాడు!"

తాడు మీది కుర్చీలో కూర్చోబెట్టి గున్నయ్యని సముద్రం మీదుగా అవతలి ఓడకి లాగారు. అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. అలలు కాళ్లకి తగులుతుంటే చిన్నపిల్లాడిలా కాళ్లు ఆడించాడు. జలకిరీటి డెక్కు మీద గడ్డాలన్నీ వరసగా నిలబడి, ఎవరో తెలియని ఆ మనిషికి సెల్యూట్ కొట్టాయి. అవతలి ఓడవాళ్లు రసీదు రాసిచ్చారు: గుర్తు తెలియని మనిషి, ఒకటి.

పన్నెండు రోజులకి సొంత రేవు వచ్చింది. గేటు దగ్గర అధికారి ఆ రసీదు పట్టుకుని మూడుసార్లు చదివాడు.

"మీరెవరో తెలియనిదే బయటికి పంపడం కుదరదు. రక్తబంధువులో, భార్యో స్వయంగా వచ్చి గుర్తించవలెను. మొత్తం ఇద్దరు సాక్షులు ఉండవలెను."

కబురు వెళ్లింది. గంటలో రిక్షా ఒకటి వచ్చి ఆగింది. నిండు చూలాలు అసిరమ్మ నడుం పట్టుకుని దిగింది. ఇనప ఊచల అవతల మొగుణ్ని చూసి, పెదవి బిగించి కళ్లు తుడుచుకుంది.

"అమ్మా, ఇతనే మీ భర్త అనడానికి ఆధారమేమిటి?" అన్నాడు అధికారి.

"ఏటి బాబూ ఆదారం? ఏ తప్పూ సెయ్యకుండానే తప్పు సేసినోడినాగ నిలబడ్డాడు సూడు, ఆడే మా ఆయన."

అధికారి అది యథాతథంగా రాసుకున్నాడు. "బాగుంది. ఇక రెండో సాక్షి. రక్తసంబంధము గలవారై ఉండవలెను. ఎవరైనా వచ్చారా?"

అసిరమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. మొహమంతా చెమట పట్టింది. పళ్లు బిగబట్టి అంది, "కంగారు పడకు బాబూ. ఆ రెండోవోరు బయల్దేరీసినారు."

గేటు తెరుచుకుంది. ఎవరి ఆదేశం మీద తెరిచారన్న దానిపై విచారణ ఇప్పటికీ జరుగుతోంది.

మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది, ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది. గున్నయ్య తలుపు అవతలే ఉన్నాడు, ఆ మొదటి కేక తన చెవులతో విన్నాడు. బిడ్డని తెచ్చి చేతుల్లో పెడితే, పిండి ముద్ద పట్టుకున్నంత ఒడుపుగా పట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రం గేటు అధికారి ఫారమూ సిరా పెట్టె పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. రెండో సాక్షి బొటనవేలు పట్టుకుని, నీలం సిరాలో అద్ది, గడిలో బఠాణీ గింజంత ముద్ర వేయించాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

"రుజువైంది. ఇప్పుడు మీరు మైలపల్లి గున్నయ్య. ఇక మీరు వెళ్లవచ్చును."

గున్నయ్య కూతురి మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఎక్కడికెల్తాను సర్," అన్నాడు. "వచ్చీసినాను గదా."